నోరు మూసుకున్న 'పు'

మావయ్య పరుపుల షాపుకి పట్టిన దరిద్రమంతా ఫాంటు వల్లేనని ఆ పిల్ల గట్టిగా నమ్మేసింది. వేరే కారణాలు లేవా అంటే బోలెడున్నాయి. జనం ఫోన్లో బొమ్మ చూసి, చాపలా చుట్ట చుట్టుకుని డబ్బాలో దిగే పరుపులు తెప్పించుకుంటున్నారు. షాపు ముందు బండి ఆపుకుందామంటే చోటు లేదు. మావయ్యకి బేరం చేయడం రాదు, అత్తయ్యకి బేరమాడేవాళ్ళంటే పడదు. ఇవన్నీ ఆ పిల్లకీ తెలుసు. కాకపోతే వీటిలో ఏ ఒక్కటీ తను చేరిన ఆన్‌లైన్ కోర్సులో చెప్పలేదు. కోర్సులో చెప్పింది ఫాంట్ల గురించి, అంటే కంప్యూటర్లో అక్షరాల రూపాల గురించి. తన దగ్గర ఆ మందు ఒక్కటే ఉంది కాబట్టి, షాపుకి ఉన్న జబ్బు కూడా అదే అయి తీరాలి!

కోర్సు మొదలెట్టిన దగ్గర్నుంచి ఆ పిల్ల మామూలు మనుషుల్లా రోడ్డు మీద నడవడం మానేసింది. బస్సు బోర్డు చూసి "అయ్యో, వత్తులన్నీ కింద నరికేశారే" అని బాధపడుతుండగానే బస్సు వెళ్ళిపోయేది. మందు సీసా మీద అక్షరాల మధ్య ఖాళీ ఎంతుందో చూసేది, రోజుకెన్ని చెంచాలు తాగాలో చూసేది కాదు. ఇంట్లోవాళ్ళు మొదట్లో మురిసిపోయారు, తర్వాత విసుక్కున్నారు, ఆఖరికి పేరే మార్చేశారు. ఫాంటమ్మ! పైకి మూతి ముడుచుకునేది గానీ, లోపల్లోపల అదేదో బిరుదిచ్చినట్టే ఉండేది.

నిజం చెప్పాలంటే షాపులో ఆమె చేతికి పని బాగానే దొరికింది. బోర్డు మీద ఒక రకం అక్షరాలు, బిల్లు మీద ఇంకో రకం, ఫోన్లో పంపే మెసేజీల్లో మూడో రకం. బిల్లు మీదవైతే మరీ ఘోరం, ఒక్కో అక్షరం చివర రక్తం కారుతున్నట్టు చుక్కలు.

"మావయ్యా, ఇది పరుపుల బిల్లా, దెయ్యం సినిమా పోస్టరా?"

"నాకేం తెలుసే కోడలు పిల్లా, కంప్యూటర్ కొన్నప్పుడు అందులోనే ఉన్నాయవి. తేనె కారుతోందేమో అనుకున్నా."

కొటేషన్లది ఇంకో కథ. మావయ్య కంప్యూటర్లో శుభ్రంగానే కనిపించేవి. అవతలివాళ్ళ ఫోన్లో తెరిస్తే అక్షరాలన్నీ మాయమైపోయి, వరసగా డబ్బాలు. వాళ్ళు ఫోన్ చేసి "ఏం పంపావయ్యా, డబ్బాలొచ్చాయి" అంటే మావయ్య "ఆఁ, పరుపులే అవి" అనేవాడు.

"ఫాంటంటే షాపు గొంతు మావయ్యా," అంది ఫాంటమ్మ కుర్చీ అంచుకి జరిగి. "మనం షాపులో లేనప్పుడు కూడా అది మాట్లాడుతుంది. బోర్డు, బిల్లు, ఉత్తరం అన్నీ ఒకే గొంతుతో మాట్లాడాలి. ఎవరి ఫోన్లో అయినా తెరుచుకోవాలి. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయినవాళ్ళు కూడా చదవగలగాలి!"

వెనక గదిలోంచి కుట్టుమిషను ఆగింది. అత్తయ్య గొంతొచ్చింది. "మీ మావయ్యకి గొంతు లేకే కదమ్మా ఇంతదాకా వచ్చింది. ఏదో ఒకటి తగిలించు, పుణ్యముంటుంది."

అత్తయ్య వేళాకోళంగా అన్నా, లోపల భయముంది. వెనక గదే అసలు ఆ షాపుకి ప్రాణం. పరుపు గలేబులన్నీ అక్కడే అత్తయ్య కుడుతుంది, పక్కన దూది దులిపే ఇద్దరు ఆడవాళ్ళు. పనుల్లేక వారంలో సగం రోజులు ముగ్గురూ కబుర్లతోనే సరిపెడుతున్నారు. ఆ గది అద్దెకిస్తారా అని కొరియర్ కంపెనీ వాళ్ళు అడుగుతున్నారు. మావయ్య ఇవ్వనూ అనలేదు, ఇస్తాననీ అనలేదు. మూడు వీధుల అవతల ఆడపిల్లల హాస్టల్ ఉంది, అక్కడ అన్ని గదుల్లోనూ పరుపులు మార్చాలనుకుంటున్నారని తెలిసింది. ఆ ఆర్డరొస్తే గది ఉంటుంది, మిషనుంటుంది. రాకపోతే మిషను మూలకి, గది కొరియర్‌కి. అంతే లెక్క.

"హాస్టల్‌కి ఉత్తరం నేను రాస్తా," అంది ఫాంటమ్మ. అడిగినవాళ్ళు లేరు.

రాయడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. ఫాంటు ఎంచడానికి మాత్రం వారం పట్టింది! సన్నటిది పెడితే పరుపులో స్ప్రింగు పొడుచుకొచ్చినట్టుంది. నిటారుగా ఉన్నది పెడితే చెక్కబల్ల మీద పడుకున్నట్టుంది. ఆఖరికి ఒకటి దొరికింది. గుండ్రంగా, బొద్దుగా, అప్పుడే నిద్రలేచిన పసిపాప బుగ్గల్లాంటి అక్షరాలు. చూడగానే తల వాల్చేయాలనిపించింది. పరుపు మెత్తన, అక్షరం మెత్తన. ఇంతకంటే ఏం కావాలి? అయినా ఆశ ఆగదు కదా. ఇంకాస్త మెత్తగా ఉంటే, అనుకుని ఒక్కో అక్షరం చుట్టూ అదే రంగుతో మందంగా గీత పెట్టింది. అక్షరాలు ఉబ్బాయి. బాగున్నాయనిపించి ఇంకొంచెం ఉబ్బించింది. 'ఫాంటు తయారు చేసినవాళ్ళు ఇచ్చిన అక్షరాన్ని మీ ఇష్టమొచ్చినట్టు లావు చేయకండి' అని కోర్సులో ఒక పాఠం మొత్తం ఉంది. ఆ పాఠాన్ని ఫాంటమ్మ రెండింతల స్పీడులో విన్నది, జడ వేసుకుంటూ.

ఉత్తరం పైన పెద్దగా ఒకే వాక్యం. మీ దగ్గరికే వచ్చి పాత పరుపు తీస్తాం! దాని కింద చిన్నగా, కొత్త పరుపు మేమే వేస్తాం, మీరు కదలక్కర్లేదు అని. అదే వాక్యాన్ని కరపత్రాలకీ వాడింది. షాపు వ్యాన్‌కి రెండు పక్కలా, వెనక తలుపు మీదా స్టిక్కర్ కొట్టించింది, ఒక్కో అక్షరం దిండంత.

ప్రింట్ షాపాయన కాగితం చేత్తో పట్టుకుని దూరంగా, దగ్గరగా చూశాడు. "భలే లావుగా ఉన్నాయమ్మా!" అన్నాడు. ఫాంటమ్మ దాన్ని పొగడ్త కింద జమ చేసుకుంది.

మావయ్య కూడా చదివాడు, "బ్రహ్మాండం" అన్నాడు. ఆయన పుట్టి బుద్ధెరిగాక చేసింది పరుపుల వ్యాపారమే. ఆయన కంటికి 'ప', 'రు' పక్కపక్కన కనిపిస్తే చాలు, మూడో అక్షరం దాకా వెళ్ళే పనే లేదు. ఇక ఫాంటమ్మ. వారం పాటు ఆ వాక్యం ముందే కూర్చుంది. దాని వంపులు చూసింది, అంచులు చూసింది, నీడ ఎటు పడితే బాగుంటుందో చూసింది. చదవడం ఒక్కటే చేయలేదు.

హాస్టల్‌కి ఉత్తరం పంపి, వీధుల్లో కరపత్రాలు పంచిన మర్నాడు మొదటి ఫోనొచ్చింది. ఎవరో పెద్దాయన, నవ్వు ఆపుకోలేకపోతున్నాడు.

"ఏమయ్యా, ఇంటికొచ్చి పరువు తీస్తారా?"

"అవునండీ, ఎప్పుడు రమ్మంటారు?" అన్నాడు మావయ్య ఉత్సాహంగా.

"వద్దులే నాయనా, లేటయ్యావ్. మా అల్లుడు ఆల్రెడీ తీశాడు."

మావయ్య ఫోను పెట్టేసి, "పాపం, అల్లుడే తీసేశాట్ట. మంచి కుర్రాడు, ఓపికున్నవాడు," అన్నాడు. రెండో ఫోనులో ఎవరో అమ్మాయి "అంకుల్, కొత్త పరువు కూడా మీరే వేస్తారా, ఎన్ని అంగుళాల మందం?" అని అడిగి, వెనక పదిమంది పకపకా నవ్వుతుంటే పెట్టేసింది. మావయ్య మందం ఎంతో చెప్తూనే ఉన్నాడు పాపం, అవతల లైను లేదు.

మూడోది హాస్టల్ మేడమ్. ఈసారి నవ్వు లేదు. గొంతు ఎంత గట్టిగా ఉందంటే ఫోను మావయ్య చెవి దగ్గరున్నా గదంతా వినపడుతోంది.

"ఏమండీ, మర్యాదస్తులని విన్నాను మీ గురించి. ఉత్తరం రాసి మరీ బెదిరిస్తారా? నా దగ్గరికొచ్చి నా పాత పరువు తీస్తారా? ఏం తెలుసు మీకు? ఎవరు చెప్పారు? పిల్లలెవరన్నా చెప్పారా?"

"అమ్మా, అది అందరికీ తీస్తామండీ, మీ ఒక్కరికే కాదు," అన్నాడు మావయ్య.

ఫోను ఠక్కున ఆగిపోయింది.

అత్తయ్య మిషను దగ్గర్నుంచి లేచొచ్చింది. బల్ల మీదున్న ఉత్తరం కాపీ తీసి, కళ్ళజోడు సర్దుకుని, చంటిపిల్లలు చదివినట్టు ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి చదివింది. "ప... రు... వు." మళ్ళీ చదివింది. "ఏమండీ, ఇది పరుపు కాదు. పరువు."

ఫాంటమ్మ కంప్యూటర్ మీద పడి అక్షరాన్ని పెద్దది చేసి చూసింది, ఇంకా పెద్దది చేసింది. మొదటి 'ప' నోరు సన్నగానైనా తెరిచే ఉంది. చివరి 'పు'కి మాత్రం కొమ్ము పక్కనుంచి ఒత్తడంతో చోటు చాల్లేదు. చుట్టూ పెట్టిన లావు గీత ఆ కాస్త సందునీ పూడ్చేసింది. 'పు' నోరు మూసుకుపోయి నిక్షేపంగా 'వు' అయి కూర్చుంది. ఎంత ముద్దుగా, ఎంత మెత్తగా ఉందో! పసిపాప బుగ్గలే. ఆ బుగ్గల మధ్య షాపు పరువు, హాస్టల్ పరువు, వీధిలో సగం ఇళ్ళ పరువు.

ఎవరూ తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది ఫాంటమ్మకి. అత్తయ్య వెళ్ళి మిషను మీద గుడ్డ కప్పేసింది. పని మధ్యలో ఆవిడెప్పుడూ గుడ్డ కప్పదు.

"నేను వెళ్ళి చెప్పొస్తా," అంది ఫాంటమ్మ.

"నేనెళ్తే ఆవిడ గేటు కూడా తీయదు, నువ్వే వెళ్ళు," అన్నాడు మావయ్య.

"వెళ్ళు. కానీ అమ్మడూ, పాఠం మాత్రం చెప్పకు," అంది అత్తయ్య.

పాఠం చెప్పకూడదనే అనుకుంది. కానీ వెళ్ళేటప్పుడు లాప్‌టాప్ చంకలో పెట్టుకుంది, సంచిలో 'ప', 'వ' పెద్దగా ప్రింట్ తీసిన కాగితాలు పెట్టుకుంది. మనిషి అలవాట్లు అంత తేలిగ్గా పోవు కదా!

హాస్టల్లో విజిటర్ల గది ఫినాయిల్ కంపు కొడుతోంది. ఒకదానికొకటి అతుక్కున్న ఇనప కుర్చీలు, గోడకి నోటీసు బోర్డు. అందులో 'లైట్లు ఆర్పవలెను' అనే కాగితం మీద నాలుగు రకాల ఫాంట్లున్నాయి. ఫాంటమ్మ కళ్ళు అటే పోతుంటే బలవంతాన తిప్పుకుంది. మేడమ్ వచ్చింది. నుదుటి మీదకి ఎత్తిపెట్టిన కళ్ళజోడు, నడుముకి తాళాల గుత్తి, చేతిలో ఆ ఉత్తరం.

"నువ్వేనా రాసింది?"

"నేనేనండీ. కానీ నేను రాసింది అది కాదండీ. అంటే, రాసింది అదే, కనపడేది వేరు. ఒక్క నిమిషం, ఈ 'ప' చూడండి, దీనికి ఎడమపక్క నోరుంటుంది..."

"నాకు అక్షరాలు నేర్పడానికొచ్చావా?"

"అయ్యో లేదండీ! మందం ఎక్కువైతే సందు పూడిపోతుందండీ, దాన్ని మేము ఏమంటామంటే..." లాప్‌టాప్ తెరవబోతే మూత ఇరుక్కుంది, లాగితే సంచిలో కాగితాలు జారి కింద పడ్డాయి. అప్పుడే తరగతుల నుంచి వచ్చిన అమ్మాయిలు గుమ్మం దగ్గర గుంపుగా ఆగారు. ఫాంటమ్మకి కంగారు తన్నుకొచ్చింది. కంగారొస్తే ఆమె గొంతు తన చేతిలో ఉండదు. "మేడమ్! ఒట్టు! మేమొచ్చేది మీ పరువు తీయడానిక్కాదు! మీ పాత పరుపులన్నీ తీయడానికి!"

గుమ్మం దగ్గర ఒకమ్మాయి పక్కదాని చెవిలో, అందరికీ వినపడేలా, "చెప్పానా, నల్లులే," అంది.

మేడమ్ లేచి వెళ్ళి తలుపేసింది. తిరిగొచ్చి కూర్చునేసరికి మొహంలో కోపం లేదు. ఉంటేనే నయమనిపించేలా ఉంది ఆ మొహం.

"నీకు నిజంగా తెలీదా?"

"ఏంటండీ?"

"పై అంతస్తు గదుల్లో నల్లులు. మందు కొట్టించాను, ఎండలో వేయించాను, పోలేదు. పరుపులు మార్చాల్సిందే. ఇప్పుడు కొత్త పిల్లల్ని చేర్పించడానికి తల్లిదండ్రులొస్తున్నారు. ఇప్పుడే వచ్చింది మీ ఉత్తరం, మీ దగ్గరికే వచ్చి పాత పరువు తీస్తాం అని. నేనేమనుకోవాలి?"

ఫాంటమ్మ కింద పడ్డ కాగితాలు ఏరుతూ ఏరుతూ ఆగిపోయింది.

"పోనీ నువ్వు పరుపనే రాశావనుకో," అంది మేడమ్. "మీ బండి పొద్దున మా వీధిలోంచే వెళ్ళింది, చూశాను. ఏనుగంత అక్షరాలు. అది పట్టపగలు మా గేటు ముందు ఆగి, పాత పరుపులు ఒకదాని మీద ఒకటి వేసుకుని పోతే, చూసేవాళ్ళు ఏమనుకుంటారు? పరుపు తీసినా పోయేది పరువేనమ్మా. నీ అక్షరానికి నోరుంటే ఏంటి, లేకపోతే ఏంటి?"

ఫాంటమ్మ నాలుక మీద సిద్ధంగా ఉంది జవాబు. లావు తగ్గిస్తానండీ, నోరు తెరిపిస్తానండీ, కొంచెం గంభీరంగా ఉండే ఫాంటు ఒకటుంది, ఆస్పత్రులవాళ్ళు వాడతారు, చూపించమంటారా? అంతా గొంతు దాకా వచ్చింది. మేడమ్ చేతివేళ్ళు ఆ ఉత్తరం అంచుని మడుస్తున్నాయి, విప్పుతున్నాయి. కోర్సులో మొట్టమొదటి పాఠం గుర్తొచ్చింది, ఎవరు చదువుతారో ముందు తెలుసుకోండి అని. దాన్నీ స్పీడుగానే విన్నట్టుంది.

"బండి మీద ఏమీ ఉండదండీ," అంది.

"ఏమీ అంటే?"

"ఏమీ అంటే ఏమీనేనండీ. షాపు పేరు కూడా ఉండదు. పరుపులకి తెల్లగుడ్డ చుట్టి తెస్తాం, పాతవి కూడా ప్లాస్టిక్ కవర్లో కట్టేసి, పైన గుడ్డ చుట్టి తీసుకెళ్తాం. అమ్మాయిలు క్లాసులకి వెళ్ళాకే వస్తాం."

"బోర్డు లేకుండా బండి తిప్పుతాడా మీ మావయ్య?"

"తిప్పుతాడండీ," అంది ఫాంటమ్మ. మావయ్యని అడగనేలేదు.

మేడమ్ ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టింది. "రేపు బండి తెచ్చి చూపించు. చూశాకే మాట."

స్టిక్కర్లు అంటించడానికి ప్రింట్ షాపు వాళ్ళు ఒక్క పూట తీసుకున్నారు. పీకడానికి ముగ్గురికి సాయంత్రమంతా పట్టింది. వేడినీళ్ళు పోసి, అంచు గోకి, లాగితే అక్షరం సగంలో చిరిగిపోయేది. బొద్దు అక్షరం కదా, జిగురు కూడా బొద్దుగానే పట్టుకుంది.

"నిన్ననే కదే అంటించింది!" అన్నాడు మావయ్య గోకుతూ. "ఇంత ఖర్చుపెట్టి అంటించి పీకడమంటే, ఇదేం వ్యాపారమే కోడలు పిల్లా?"

"షాపు గొంతండీ అది," అంది అత్తయ్య రెండో పక్కనుంచి. "గొంతు నొక్కేస్తున్నాం. గట్టిగా నొక్కండి."

"అత్తా, చాలు!"

"చాలా? ఇంకా 'తీస్తాం' మిగిలిందిక్కడ. ఏం తీస్తామో పోయింది గానీ, తీయడం మాత్రం తీస్తామట."

ఫాంటమ్మకి ఏడుపొస్తుందనుకుంటే నవ్వొచ్చింది. నవ్వితే చేతిలో గిన్నె ఒలికి వేడినీళ్ళు కాలి మీద పడ్డాయి.

మర్నాడు అమ్మాయిలు క్లాసులకి వెళ్ళిపోయాక బండి హాస్టల్ ముందు ఆగింది. తెల్లగా, బోడిగా, ఎవరిదో తెలీకుండా. మేడమ్ బయటికొచ్చి బండి చుట్టూ తిరిగింది. ఎడమపక్క చూసింది, కుడిపక్క చూసింది. వెనక తలుపు దగ్గర ఆగింది.

"ఇదేంటి?"

చూస్తే తలుపు మూల చిన్న ముక్క, వేలిగోరంత.

"తలకట్టండి," అంది ఫాంటమ్మ. "'ప' మీదది. మిగిలిపోయినట్టుంది."

మేడమ్ గుత్తిలోంచి ఒక తాళంచెవి తీసి ఆ తలకట్టుని తనే గీకేసింది. పొట్టు ఊది, "వెనక గేటుకి తిప్పండి. ముందు పై అంతస్తు, తర్వాత కిందవి. అన్ని గదులూ," అంది.

అన్ని గదులూ! ఫాంటమ్మకి గంతెయ్యాలనిపించింది. వెంటనే అత్తయ్యకి ఫోన్ చేసి, మిషను మీద గుడ్డ తీసేయమని అరవాలనిపించింది. ఫోను తీసేలోపే ఆటో ఒకటి వచ్చి ఆగింది. అందులోంచి ఒకావిడ కూతురితో, పెట్టెతో దిగింది. హాస్టల్ బోర్డు చూసింది, తర్వాత బండి చూసింది.

"ఈ బండి ఎవరిదమ్మా? ఏమీ రాసి లేదే?"

ఫాంటమ్మ నోరు తెరిచింది. అక్షరాలు ఎందుకు లేవో, ఎందుకు ఉండకూడదో, ఉంటే ఏ ఫాంటులో ఉండేవో, మొత్తం చరిత్ర నాలుక చివరికొచ్చేసింది. మెట్ల మీంచి మేడమ్ కన్నార్పకుండా చూస్తోంది.

"తెలీదండీ," అంది ఫాంటమ్మ.

డ్రైవరు సీట్లో మావయ్య కూడా మొహం అటు తిప్పేసుకుని, ఆ బండితో తనకేమీ సంబంధం లేనట్టు, స్టీరింగు పట్టుకుని దిక్కులు చూస్తున్నాడు.